ముక్తినాథ్ వెళ్తున్నారా? ముందు ఓటరు కార్డు వెతకండి!

నేపాల్ వెళ్ళడానికి మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. 1950లో రెండు దేశాల మధ్యా ఒప్పందం కుదిరింది కదా, ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ వెళ్ళివస్తూనే ఉంటారు. అందుకే పశుపతినాథుణ్ణీ, ముక్తినాథుణ్ణీ చూసి రావడమంటే కాశీ వెళ్ళొచ్చినట్టే అనుకుంటాం. కానీ సోదరీమణులూ, పాస్‌పోర్టు అక్కర్లేదంటే అసలు ఏ కాగితమూ అక్కర్లేదని కాదండీ!

పద్దెనిమిది నిండి అరవై అయిదు దాటనివాళ్ళు చూపించాల్సింది పాస్‌పోర్టు, అది లేకపోతే ఎన్నికల కమిషన్ ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. ఆధార్ పనికిరాదు. బ్యాంకులోనూ, గ్యాస్ కనెక్షన్‌కీ, రేషన్ షాపులోనూ ఆధారే అడుగుతుంటే ఇక్కడెందుకు చెల్లదూ అంటారేమో. ఆధార్ మనం ఎవరో చెబుతుంది గానీ ఈ దేశ పౌరులమని చెప్పదు. ఇక్కడ ఉంటున్న పరాయి దేశస్థులకీ అది ఇస్తారు. ఓటు మాత్రం పౌరులకే. అదీ తేడా.

మా కాలనీలో ఒకావిడకి ఈ సంగతి ఢిల్లీ విమానాశ్రయంలో గానీ తెలియలేదు. యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయి మూడేళ్ళయింది. భజన బృందంతో బయల్దేరింది. "ఆధార్ ఉందిగా పిన్నిగారూ, చాలు" అన్నాడట టూరు ఏజెంటు. కౌంటరు దగ్గర ఆపేశారు. తోటివాళ్ళంతా విమానం ఎక్కేశారు, ఆవిడ ఒక్కతే రైల్లో వెనక్కి వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆయన పేరు చెప్పుకుని ముక్తినాథ్‌లో ఆ నూట ఎనిమిది ధారల కింద తడిసి రావాలనుకుంది పాపం!

ఆయనే పక్కన ఉంటే గట్టెక్కేదేమో. కుటుంబమంతా కలిసి వెళ్తున్నప్పుడు పెద్దవాళ్ళలో ఒకరి దగ్గర పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉంటే, మిగతావాళ్ళు ఫోటో ఉన్న గుర్తింపూ, బంధుత్వం తెలిపే రేషన్ కార్డులాంటిదీ చూపిస్తే సరిపోతుంది. భజన బృందం కుటుంబం కిందకి రాదుగా! ఒంటరిగానో, స్నేహితురాళ్ళతోనో వెళ్ళే ఆడవాళ్ళకి ఎవరి కార్డు వాళ్ళకే ఉండాలి. అసలు ఇంటిల్లిపాదీ వెళ్తున్నా ఎవరిది వాళ్ళు పెట్టుకోవడమే మేలని నేనంటాను.

అరవై అయిదు దాటిన అత్తగారికీ, పదిహేను లోపు పిల్లలకీ అయితే 2019 నుంచి ఆధార్ ఒప్పుకుంటున్నారు. మధ్యలో ఉన్న పదిహేను, పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం ఉండాలి. దానికో నమూనా ఉంది, ఆ ప్రకారమే రాయించాలి. సెలవులిచ్చేశాక పరిగెత్తితే కాలేజీలో ఎవరుంటారు?

ఇక ఓటరు కార్డు సంగతి. 1993 నుంచి ఇస్తున్నారు కదా, కొందరి దగ్గర ఇంకా ఆ పాతకాలపు నలుపు తెలుపు ఫోటో కార్డే ఉంది. అందులో మన మొహం మన పిల్లలే గుర్తుపట్టలేరు! ఇంటిపేరు పుట్టింటిది, ఊరేమో అత్తగారిది, పేరులో ఒక అక్షరం ఎక్కువో తక్కువో. తప్పులు దిద్దించుకోవాలన్నా, పోయిన కార్డు మళ్ళీ కావాలన్నా ఫారం 8 పెట్టుకోవాలి. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే పెట్టండి. టికెట్టు మీద పేరు కార్డులో ఉన్నట్టే రాయించండి.

గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి సునౌలీ దగ్గర సరిహద్దు దాటితే ఎవరూ అడగరని చెప్పేవాళ్ళున్నారు. నమ్మకండి. రోడ్డు దారైనా నియమం అదే, అక్కడ సశస్త్ర సీమా బల్ వాళ్ళు కాపలా ఉంటారు.

జిరాక్సు కాదు, అసలు కార్డే చేతిసంచిలో పెట్టుకోండి. ఒకవేళ అక్కడ పోతే ఖాట్మండులో మన రాయబార కార్యాలయం వాళ్ళు అత్యవసర పత్రం ఇస్తారు. అది ఇంటికి తిరిగి రావడానికి, అదీ ఒక్కసారికే. కార్డు నంబరు ఇంట్లో క్యాలెండరు వెనకాల రాసిపెట్టి వెళితే, ఫోను చేసి కనుక్కోవచ్చు.