చచ్చినా అప్రైజలేనా?

మామూలు మనిషి చచ్చి మాయాలోకంలో తేలే జపాన్ కథల్ని ఇసెకాయ్ అంటారు. అదంతా పలాయనవాదమని అందరి గోల. నా గొడవ వేరు. అసలు వీళ్ళు పారిపోయిందెక్కడికండీ?

2021 లో యానిమేగా వచ్చిన ఓ కథ చూడండి. హీరోయిన్ అజుసా, ఆఫీసు ఉద్యోగిని, 27 ఏళ్ళకే చాకిరీ ఎక్కువై చచ్చిపోతుంది. మరుజన్మలో వయసు మీదపడని మంత్రగత్తె. హాయిగా బతుకుతానంటుంది, బానే ఉంది. కానీ రోజూ స్లైములని జిగట జీవాల్ని చంపుతూ పోతుంది, 300 ఏళ్ళు! చివరికి లెవెల్ 99. గిల్డులో నోరెళ్ళబెడతారు. మా ఆఫీసు బెల్ కర్వ్ ఒక్కటే తక్కువ. డ్రాగన్లని ఊహించిన బుర్రకి, మనిషికి రేటింగ్ లేని లోకం మాత్రం తట్టలేదు! ఆమెని చంపిన ఆ ఆఫీసు సంగతో? కథ దాన్ని అక్కడే వదిలేసి ముందుకెళ్ళిపోతుంది.

1900 నాటి ఓజ్ కథలో డొరొతీకి లెవెళ్ళూ పాయింట్లూ లేవు. పైగా ఊరంతా వణికిపోయే మాంత్రికుడు ఉత్త బూటకమని తేలుతుంది, అదీ ఓ కుక్కపిల్ల తెర పడదోస్తే.

అంతదూరమెందుకు, మన 'యమగోల' (1977) ఉంది కదా. ఎన్టీఆర్ యమలోకంలో బుద్ధిగా స్కిల్స్ పెంచుకుంటూ కూర్చున్నాడా? యముడి మీదే సమ్మె చేయించాడు. ఆయనా చచ్చే వెళ్ళాడు మరి.