ఒక మనిషి, రెండు బల్లలు

మొన్న పరీక్షలకు రెండు గదులకు కలిపి నన్నొక్కణ్ణే ఇన్విజిలేటరుగా వేశారు. మనుషులు చాలలేదట. నేనొక గదిలో కాగితాలు పంచుతూంటే రెండో గదిలో చీటీలు చేతులు మారినై. సాయంత్రానికల్లా సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నాకే లెండి, వేసినవారికి కాదు.

ఇంటికొచ్చి మొరపెట్టుకుంటే మా ఆవిడ, "రెండు పొయ్యిలమీదా పాలు పెట్టుకున్నదాన్ని వీధి తలుపు తియ్యమని కేకేస్తారు. పొంగితే తప్పెవరిది?" అంది. నేను మాట్లాడలేదు. 2002 జూలై 1 రాత్రి గుర్తొచ్చింది.

స్విట్జర్లాండులో, జ్యూరిచ్ కేంద్రంలో, విమానాలకు దారిచెప్పే కంట్రోలర్లు ఆ రాత్రి ఇద్దరు. ఒకరు విశ్రాంతికి వెళ్ళారు. అది ఏళ్ళ తరబడి వాడుక, పైవారికీ తెలుసు. మిగిలిన ఒక్కడూ రెండు బల్లలు చూసుకోవాలి. యంత్రాల మరమ్మతని అసలు టెలిఫోను లైను ఆపారు. అదనపు లైను పలకలేదు. ప్రమాదాన్ని తెరమీద చూపే హెచ్చరికా లేదు. గోరుచుట్టుమీద రోకటిపోటులా, ఆలస్యమైన విమానమొకటి దిగబోతూంటే ఆ బల్ల దగ్గర చిక్కుకున్నాడు.

ఈలోగా రెండు విమానాలు ఒకే ఎత్తున ఎదురయ్యాయి. జర్మనీలో పొరుగు కేంద్రంవారు చూసి ఫోను చేస్తే అందలేదు. ఆఖరి నిమిషంలో ఇతను గమనించి రష్యా విమానాన్ని దిగమన్నాడు. అందులోని యంత్రం ఎక్కమంది. పైలట్లు మనిషి మాట విన్నారు. రెండోదాన్ని దాని యంత్రమే దిగమంది. ఊబర్లింగెన్ వద్ద 71 మంది పోయారు. ఎక్కువమంది సెలవులకు స్పెయిన్ వెళుతున్న పిల్లలు.

2004లో, భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న తండ్రి ఒకడు ఆ కంట్రోలరు ఇంటికి వెళ్ళి పొడిచి చంపాడు. దుఃఖానికి కనబడింది ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషే. అదే ఏడు జర్మనీ దర్యాప్తువారు, రాత్రిపూట చాలినంత మందిని ఉంచని యాజమాన్యాన్నీ తప్పుపట్టారు. 2007లో స్విస్ కోర్టు నలుగురు మేనేజర్లను దోషులంది. ముగ్గురికి అమలు నిలిపిన జైలుశిక్ష, ఒకరికి జరిమానా.

మనిషన్నాక పొరబడతాడని తెలిసే గదా ప్రక్కన రెండో మనిషిని పెట్టేది! ఆ రెండోవాడు లేకపోయినా ఊరుకున్నవారు, మొదటివాడు పొరబడినప్పుడు ఆశ్చర్యపోవడమేమిటి?

మెమోకు జవాబు వ్రాశాను: "గదులు రెండు, నేను ఒకణ్ణి. నన్నలా వేసిందెవరో కూడా విచారించ ప్రార్థన."

మర్నాడు వీధి తలుపు నేనే తీశాను.