తలకో కనెక్షనట!

ఈ వారం మా అపార్ట్‌మెంట్‌కి నెట్ కనెక్షన్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. మర్యాదస్తుడే. పక్కింట్లో కూర్చుని "ఇంట్లో ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయి సార్?" అని మొదలుపెట్టాడు. రెండు ల్యాప్‌టాప్‌లు, పాత డెస్క్‌టాప్, టీవీ, ఫోన్లు అని పక్కింటాయన వరస పెడుతుంటే కాగితం మీద రాసుకున్నాడు. చివరికి తీర్పు చెప్పాడు: "ఇన్నింటికి మీ ప్లాన్ చాలదు సార్. 300 ఎంబీపీఎస్‌కి మారండి. లేదంటే అబ్బాయిగారికి వేరే కనెక్షన్ పెట్టిద్దాం." పక్కింటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కూడా తలూపాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

మాస్టారూ, ఒక్కసారి కూడిక వేసి చూడకపోయారా? హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్స్ తనే చెబుతుంది. పెద్ద టీవీలో 4కే బొమ్మకైనా 15. జూమ్ క్లాసు ఎంత నాణ్యంగా నడిచినా నాలుగు దాటదు. హాల్లో 4కే సినిమా, గదిలో ఇంకో సినిమా, మనవరాలి క్లాసు, కోడలి మీటింగు ఒకేసారి నడిచినా ముప్పై దాటదు. మీకిప్పుడున్నది నలభై. మిగతా రెండు వందల అరవై ఎవరి కోసం?

ఒక్క కనెక్షన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకోవడం మనకేమైనా కొత్తా? 1999లో విండోస్ 98 రెండో ఎడిషన్‌లోనే ఆ ఏర్పాటు వచ్చింది. టెలిఫోన్ తీగ, మోడెమ్ ఒక సిస్టమ్‌కి. అదే సిస్టమ్‌కి ఒక నెట్‌వర్క్ కార్డు, దాన్నుంచి రెండో సిస్టమ్‌కి క్రాస్ కేబుల్. చివర తీగల వరస మార్చి క్రింప్ చేయించాలి. మామూలు కేబుల్ గుచ్చితే కార్డు మీద లైటు వెలిగేది కాదు. విండోస్‌లో ఒకచోట టిక్కు పెడితే మొదటి సిస్టమ్ 192.168.0.1 అనే నంబరు తాను తీసుకుని, రెండోదానికి ఇంకో నంబరు తనే ఇచ్చేది. బయటివాళ్లకు మాత్రం ఇంట్లో ఉన్నది ఒకే యంత్రం. వాచ్‌మన్ కొరియర్లన్నీ గేటు దగ్గరే తీసుకుని ఏ ఫ్లాటువి ఆ ఫ్లాటుకి చేర్చినట్టు, ఏ పేజీ ఎవరడిగారో గుర్తుపెట్టుకుని వాళ్లకే అందించేది.

చిక్కు లేకపోలేదు. మొదటి సిస్టమ్ ఆపితే రెండోదానికీ నెట్ పోయేది. అన్న షట్‌డౌన్ చేసి పడుకుంటే తమ్ముడి చాటింగ్ గోవిందా. 56 కేబీపీఎస్ మోడెమ్, దాన్ని ఇద్దరు పంచుకోవడం, పైగా మూడు నిమిషాలకో కాల్ పడుతోందని నాన్న కేకలు. అయినా పని జరిగింది. నెట్ సెంటర్లు బతికిందే ఈ విద్య మీద. ఒక సిస్టమ్‌లో విన్‌గేట్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒక్క లైనును వరసగా వేసిన డబ్బాలన్నింటికీ పంచేవారు. ఎంసెట్ ర్యాంకుల రోజున ఆ ఒక్క లైను మీదే ఊరంతా వేలాడేది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక 256 కేబీపీఎస్ అంటే మహాభాగ్యం. 2004 విధానం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి అంత ఉంటే చాలు. రాత్రి రెండింటి నుంచి ఉదయం ఎనిమిదింటి దాకా లెక్క లేకుండా వాడుకోవచ్చంటే అలారం పెట్టుకుని లేచిన కుర్రాళ్లే ఇవాళ డల్లాస్‌లో, గచ్చిబౌలిలో టీమ్ లీడర్లు. దానికి నూట యాభై రెట్లు మించిన వేగాన్ని ఇప్పుడు "ఇంటికి చాలదు" అంటున్నారు.

పంచుకోవద్దని మనకు చెప్పేవాళ్లు తాము చేస్తున్నదేమిటో చూడండి. 2009లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కి పెట్టిన హద్దు ఒకటికి యాభై. అంటే ఒకరికి పట్టే దారిని యాభై మందికి అమ్ముకోవచ్చు. సరే, అందరూ ఒకేసారి వాడరు కదా, అందులో న్యాయముంది. మరి మా ఇంట్లో మాత్రం అందరూ ఒకేసారి వాడతారా?

ఇంకా ఉంది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం కలిపి 430 కోట్లు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వ అయిపోయింది, ఏప్రిల్‌కి ఆసియా వంతూ అడుగంటింది. అప్పటినుంచి చాలా కంపెనీలు చేస్తున్నది, ఆనాడు విండోస్ 98 మన ఇంట్లో చేసిన పనే. ఒక్క చిరునామా వెనక వందల ఇళ్లు. మీరు మీ పేరున కట్టిన కనెక్షన్‌కి మీదంటూ చిరునామా ఉండదు. అందుకే ఊరెళ్లి ఇంట్లో కెమెరాను నేరుగా చూద్దామంటే దారి దొరకదు. ముక్కూ ముఖం తెలియని వాడెవడో అదే చిరునామా నుంచి పిచ్చి వేషాలు వేస్తే, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు గుర్తుపట్టి మనిషినని నిరూపించుకోవాల్సింది మీరు. సొంత చిరునామా కావాలంటే నెలనెలా అదనం. మన ఇంట్లో పంచుకుంటే "ప్లాన్ చాలదు", వాళ్లు పంచితే వ్యాపారం. ఈ బుద్ధి మన దగ్గరే పుట్టిందనుకోకండి. ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కి పంచే యాప్‌లను స్టోర్‌లో కనబడకుండా చేయించిందన్న వివాదంలో అమెరికాలో వెరైజన్ 2012లో 12.5 లక్షల డాలర్లు కట్టుకుంది.

"మరి మా బెడ్‌రూమ్‌లో నెట్ నిజంగానే స్లోగా ఉంది కదండీ" అంటారు. ఉంటుంది. నా తీగ పిచ్చి ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలిసిందే, మళ్లీ చెబుతాను. ఆ తప్పు కనెక్షన్‌ది అయ్యుండదు, మీ గోడలది. హాల్లో టీవీ వెనక మూలన పెట్టిన బాక్స్ నుంచి వైఫై రెండు గోడలు, ఒక ఇనప బీరువా, బాత్రూమ్ టైల్స్ దాటి రావాలి. 300 తీసుకున్నా ఆ గోడలు అక్కడే ఉంటాయి. కదలకుండా కూర్చునే సిస్టమ్‌కి, టీవీకి తీగ గుచ్చండి. ఇప్పుడు క్రాస్ కేబుల్ గొడవ కూడా లేదు, మామూలు క్యాట్ సిక్స్ చాలు. అది వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా మోస్తుంది. వంద మీటర్ల ఇల్లు ఎవరికుంది? కానీ కోటి రూపాయలు పోసి కొన్న ఫ్లాట్‌లో ఏసీ పాయింట్లు, గీజర్ పాయింట్లు, పూజగదిలో ఎల్ఈడీ దీపాలు ఇస్తారు గానీ, గదిగదికీ ఒక లాన్ పాయింట్ ఇవ్వడానికి మన బిల్డర్లకు చేతులు రావు. గోడ కట్టేటప్పుడు ఒక పైపు వేస్తే పోయేదానికి, తర్వాత మార్బుల్ వెంట తీగను పాములా పాకించుకోవాలి. బ్రోచర్‌లో మాత్రం "స్మార్ట్ హోమ్".

ఈ వేరుపాటు బుద్ధి ముదిరింది ఫోన్లలో. ఇంట్లో నాలుగు ఫోన్లు, నాలుగింటికీ రోజుకి రెండేసి జీబీలు. తాతగారు గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పంపి పావు జీబీ కూడా ఖర్చు పెట్టరు. మనవరాలికి సాయంత్రానికే ఖాళీ. తాతగారిది మనవరాలికి మళ్లించే వీల్లేదు; అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే మిగిలింది మాయం. డబ్బు కట్టి కొన్న సరుకే కదా, ఎక్కడికి పోతుంది? పోస్ట్‌పెయిడ్‌లో ఫ్యామిలీ ప్లాన్లున్నాయంటారు. దేశంలో నూటికి తొంభైకి పైగా ప్రీపెయిడ్ వాళ్లే, వాళ్ల మాటేమిటి? అందుకే తాతగారి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి మనవరాలి ల్యాప్‌టాప్‌కి ఇవ్వమని అందరికీ చెబుతుంటాను.

అన్నట్టు ఆ ప్రీపెయిడ్ ప్లాన్ల నెల కూడా నెల కాదు. ఇరవై ఎనిమిది రోజులు. అలా ఏడాదికి పదమూడుసార్లు రీచార్జి. జీతాలు మాత్రం పన్నెండే. 2022 జనవరిలో ట్రాయ్ గట్టిగా చెప్పాక ప్రతి కంపెనీ కనీసం ఒక్క ముప్పై రోజుల ప్లానైనా పెట్టక తప్పలేదు. యాప్ తెరిస్తే ముందు కనబడేవి ఇప్పటికీ ఇరవై ఎనిమిదివే. ముప్పై రోజులది వెతుక్కుని మరీ వేయించుకోండి. షాపువాడు "అది ఎవరూ వేయించుకోరండీ" అంటాడు. అయినా వేయమనండి.