వాడ లేని మ్యాపు

టెల్కో కాలనీ మ్యాపు గీయడం తేలిక. 1945లో పుట్టిన టెల్కో కంపెనీ తన ఉద్యోగుల కోసం కట్టిన కాలనీ ఇది. పక్కనున్న బిర్సానగర్‌కు వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. జంషెడ్‌పూర్‌లో 86 బస్తీల వాళ్లు ఏళ్ల తరబడి యాజమాన్య హక్కు అడుగుతున్నారు. టాటా లీజు ప్రాంతంలో ప్రజలు ఎన్నుకున్న మునిసిపాలిటీ లేదు. కాలువ ఎందుకు తవ్వలేదని నిలదీయడానికి కౌన్సిలర్ కూడా లేడు.

అందుకే ఇక్కడి కాలేజీల్లో జీఐఎస్ నేర్పాల్సింది బస్తీలో అంటాను. ఖర్చు ఒక సాకు. క్యూజీఐఎస్ ఉచితం, జీపీఎస్ విద్యార్థుల ఫోన్లలోనే ఉంది. కానీ మన క్లాసులు ఉపగ్రహ చిత్రంలో అడవినీ చెరువునీ గుర్తుపట్టడం నేర్పుతాయి, ఊరికీ వాడకీ మధ్య దూరం కొలవమనవు. కులం ఆకాశం నుంచి కనపడదు. కొళాయి ఎక్కడ ఆగిందో, శ్మశానానికి దారి ఎవరి పొలం మీదుగా పోతుందో నడిచి అడిగితేనే తెలుస్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1968 తర్వాత డెట్రాయిట్‌లో నల్లజాతి యువతి గ్వెండొలిన్ వారెన్, భూగోళ శాస్త్రవేత్త విలియం బంగీ కలిసి పేటల్లోని యువతకు కాలేజీ స్థాయిలో మ్యాపింగ్ నేర్పారు. శివార్ల నుంచి ఆఫీసులకు పోయే కార్ల కింద నల్లపిల్లలు ఎక్కడెక్కడ పడ్డారో వాళ్ల మ్యాపు చూపింది. ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్‌లో ఏ ఇంటికి నీళ్ల పైపు ఉందో, ఏ ఇంట్లో ఎవరుంటారో చూపిన మ్యాపు కోర్టుకెక్కింది. 2008లో జ్యూరీ దాదాపు 1.1 కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది. నీళ్ల కోసం మహాడ్ దాకా నడిచినవాళ్ల వారసులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. మంచి అవకాశమే. అయితే ప్రశ్నావళి నింపి, ఫొటో దిగి, రిపోర్టు బైండింగ్ చేయిస్తే వాడకు మిగిలేదేమిటి? ఆ గంటల్లో వాడ పిల్లలు తమ వాడనే గీస్తే, ఏది గీయాలో కూడా వాళ్లే తేల్చుకుంటే, ఆ రిపోర్టు కలెక్టరు ముందు పెట్టే కాగితం అవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. పట్టా లేని ఇంటి జీపీఎస్ పాయింటు బుల్డోజరుకు చిరునామా కూడా కావచ్చు. కాబట్టి బస్తీవాళ్లు ఒప్పుకోకుండా ఏ ఇంటినీ ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. మార్కులు వేసే ప్రొఫెసర్ కంటే ముందు మొదటి ప్రతి బస్తీ చేతికి, వాళ్ల భాషలో, కాగితం మీద అందాలి.