గృహవిచారము: ఒడ్డెక్కిన నావ



వాడని వస్తువు చెడకుండ నుండునని మనలో పెక్కుమంది తలంతురు. కాని అటకమీది ఇత్తడిబిందె కిలుము పట్టును. పెట్టెలోని పట్టుచీర మడతలవెంబడి చినుగును. వాడుకచే అరుగుట యొకటి. ఊరకుండి చెడుట యొకటి. ఈ రెండవదానికి ఒడ్డెక్కిన నావను మించిన నిదర్శనము లేదు. కావున ఈ మాసము నావను గూర్చి విచారింతము.

నావ మగవారి వస్తువు గదా, మనకేల యని శంకింపవలదు. యమునానదిపై నావ నడపి జనులను దాటించిన సత్యవతి కథను భారతమున చదివినవారమే. అదియు నటుండ, వేట లేని దినములలో తెరచాపయు త్రాళ్లును వలలును ఉండునది యింటి చూరుక్రిందనే. చూరుక్రింద నున్న దానిని విచారించు భారము గృహిణిది కాక మఱెవ్వరిది?

మన ఆంధ్ర తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు ఇంజను గల పడవలు సముద్రమున వేటాడరాదు. అది మత్స్యములు గ్రుడ్లు పెట్టు కాలము. 2015 నుండి ఈ గడువు 61 దినములు. చిన్న ఇంజను తగిలించుకొనియు తెరచాపను విడువని కొయ్యనావ యీ రెండు మాసములును ఇసుకపై నుండును. అవి రోహిణికార్తె యెండలు కాయు దినములు. నీట నున్నంతకాలము ఉబ్బి యొండొంటి నొరసికొని యుండిన పలకలు ఎండకు ముడుచుకొనును; సందులు విచ్చును. అలల కోర్చిన నావ ఎండకు లొంగునన్న మాట.

మొదట అడుగుభాగమున పట్టిన గుల్లలను గోకి శుభ్రపఱుపవలయును. తరువాత కొయ్యను పరీక్షింపవలయును. కొయ్యను తొలుచు పురుగని మనవారు చెప్పునది నిజమునకు పురుగు కాదు. అది ఆల్చిప్పల జాతికి చెందిన ప్రాణి. వెలుపల సూదిమొనంత రంధ్రమే కనబడును. లోపల కొయ్య జల్లెడవలె నుండును. కావున కంటితో చూచి తృప్తిపడక వాడియైన మేకుతో అచ్చటచ్చట గ్రుచ్చి చూడవలయును. మేకు మెత్తగా దిగిన చోట రంగు పూసి లాభము లేదు; పలకను మార్చవలసినదే.

విచ్చిన సందులలో నూలు దట్టించి, నూనెతో కాచిన గుగ్గిలమును పూయుదురు. ఇచ్చట నొక మెలకువ కలదు. ఎండియున్న పలకల నడుమ నూలును మితిమీఱి దట్టించినచో, నీట దిగిన పిమ్మట పలకలు ఉబ్బుటకు చోటు చాలక మేకులు కదలును. పూత లాఱిన తరువాత లోపల తడిగోనెలు పఱచి, దింపుటకు ముందు రెండుమూడు దినములు ఉదయ సాయంకాలములు నీరు చల్లుట మేలు. నావనిండ నీరు పోయుట తగదు. ఒడ్డున నుండగా ఆ బరువునకు అడుగు క్రుంగును.

ఈ కాలమున పెక్కుచోట్ల ఫైబరు పడవలు వచ్చినవి. వానికి ముడుచుకొనుట లేదు గాని, పొరలు విడుట కలదు. సంతలో కుండను వ్రేలితో మొట్టి చూచునట్లు వానిని కొయ్యముక్కతో తట్టి చూడవలయును. ఖంగుమనక బొద్దుగా పలికిన చోట దోసమున్నదని తెలిసికొనవలయును.

ఇక తెరచాప సంగతి. ఇంజను వచ్చిన పిమ్మట చాపకు మన్నన తగ్గినది. అయినను, తీరము కానరాని చోట ఇంజను మొరాయించినచో ఇంటికి చేర్చునది ఆ చాపయే. నూలుగుడ్డయైనచో బూజు పట్టును, ఎలుకలు కొఱుకును. నైలాను, పాలిథీను పట్టాలకు బూజు లేదు గాని యెండ వానిని పెళుసు చేయును. పైకి బాగుగనే యుండి, గట్టిగా లాగిన చినుగును. కావున చాపను వాకిట పూర్తిగా విప్పి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలయును. మూలలను మఱియు శ్రద్ధగా చూడుడు. ఱవికకు చంకక్రింది కుట్టెట్లో, చాపకు మూలలట్లు. లాగుడంతయు అచ్చటనే పడును. చిఱుగుకంటె నాలుగు వ్రేళ్లు పెద్దదిగా మాసిక నుంచి, దాని పోగులను చాపపోగుల వరుసనే నిలిపి, మైనము పట్టించిన దారముతో కుట్టవలయును. వరుస తప్పిన మాసిక, గాలి నిండగనే చాపను వంకరగా లాగును. ఈ పనిలో సూది పట్టిన చేతులకు తెలిసినంత తెడ్డు పట్టిన చేతులకు తెలియదు.

త్రాళ్లను పురి విప్పి లోపల చూడుడు. పొడి రాలినచో ఆ త్రాటిని బావికిని వాడవలదు. తేలు చొక్కాల పట్టీలను లాగి చూడుడు. తీరరక్షక దళము వారి 1554 అను టెలిఫోను నెంబరు పిల్లలకును కంఠస్థము కావలయును. హైదరాబాదున 1999లో నెలకొల్పబడిన సముద్రసమాచార కేంద్రము వారు అలల ఉద్ధృతిని ముందుగా తెలుపుచుందురు. అది విని కాని నావను దింపరాదు.

ఇన్నియు చెప్పుట సులభము. డబ్బో యని మీరడుగవచ్చును. న్యాయమే. వేట లేని మాసములలో అప్పు పెరుగును. ప్రభుత్వమువారు 2019లో కుటుంబమునకు 10,000 రూపాయలును, 2025లో 20,000 రూపాయలును ఈ విరామమునకై ఇచ్చిరి. అది బియ్యమునకును బడిపుస్తకములకును చాలుట కష్టమే. పైగా మొదటినాటి వేటలో చేప విస్తారమని అందఱును తొందరపడుదురు. ఆనాడు పొరుగునావలన్నియు కదలుచుండగా, "చాప కుట్టుట కాలేదు, ఒక్కదినము ఆగుడు" అని చెప్పుట కొఱత యెక్కువగా నున్న యింటి యిల్లాలికే మిక్కిలి కష్టము. అయినను ఆ మాట ఆమెయే చెప్పవలయును. పోయిన దినపు వేట మఱునాడు దొరకును; పోయిన మనిషి దొరకడు.

నావను దింపునాడు అనియమునకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టుట మన ఆచారము. అది తప్పక చేయుడు. కాని ముందటి వారముననే చాప విప్పి చూచి యుండుడు. తల్లి కాపాడునను నమ్మకము, మన వంతు పని ముగించినవారికే శోభించును.

వచ్చు మాసమున, వానకాలమందు పప్పులు బూజు పట్టకుండ నిలువచేయు విధములను విచారింతము.