ప్రశ్నలు వాళ్లవి, జవాబులు మనవి, నిర్ణయం ఎవరిది?

మన లైన్లకు మళ్లీ పీజీ విద్యార్థులు వచ్చారు. చేతిలో ఫారం, నోట్లో "పౌర భాగస్వామ్యం" అన్న మాట. ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎన్ని రోజులకోసారి, పనికి బెంగళూరు రైలెక్కేదెవరు అని అడిగారు. కాఫీ ఇచ్చి అన్నీ చెప్పాం. వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో వచ్చినవాళ్ల థీసిస్ ఒక్కటైనా మన సంఘం బీరువాలో ఉందా? లేదు.

పిల్లల మీద మాకు కోపం లేదు. మా గొడవ ఆ మాటతోనే.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికా ఆవిడ భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. సమాచారం చెప్పడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగోది. అధికారంలో వాటా ఆరో మెట్టు దగ్గర గానీ మొదలుకాదు. మనం ఏ మెట్టు మీద ఉన్నామో మీరే చెప్పండి.

"చదువు లేనివాళ్లం, మనవల్ల ఏమవుతుంది" అనేవాళ్లకు ఒక మాట. 1930లో కంపెనీ వేలిముద్రలు తీసుకుంటామంటే మన పెద్దలు వేలమంది పని మానేశారు. వాళ్ల అభిప్రాయం ఎవరూ ఫారం ఇచ్చి అడగలేదు. చివరికి వెనక్కి తగ్గింది కంపెనీయే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ నిర్ణయం ఢిల్లీది, దాని బరువు మనది. ఇప్పుడు సైనైడ్ దిబ్బల వంతు. 13 దిబ్బల్ని తవ్వి మిగిలిన బంగారం తీయడానికి 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. వెయ్యి ఎకరాలకు పైగా నేల అది. గాలి లేస్తే ఆ పొడి పడేది మన అన్నం గిన్నెల్లో.

పనులొస్తాయి కదా, అడ్డం పడతారేం అంటారు కొందరు. పని వస్తే మేమెందుకు వద్దంటాం? ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, దుమ్ము ఎలా ఆపుతారు, లైన్లలో ఉన్నవాళ్ల ఇళ్ల సంగతేమిటి అని అడుగుతున్నాం. అడగడం అడ్డం పడటమా?

అమెరికాలో అపలాచియా అనే బొగ్గు గనుల ప్రాంతం ఉంది. 1980 ప్రాంతంలో అక్కడి జనం, కొందరు పరిశోధకులు కలిసి 80 కౌంటీల భూమి రికార్డులు తామే తిరగేశారు. ఖనిజమున్న నేల ఎక్కువగా బయటి కంపెనీలదని, పన్ను మాత్రం నామమాత్రమని తేల్చారు. పరిశోధన అంటే అదీ. ప్రశ్న జనానిది, జవాబు జనం చేతికే వచ్చింది.

అందుకే మా ప్రతిపాదనలు ఇవి. ఇక మీదట సర్వేకు వచ్చేవాళ్లు ప్రశ్నలు ముందు సంఘంలో చూపించాలి. తేలినదాన్ని తెలుగు, తమిళం, కన్నడంలో ఇక్కడికొచ్చి చదివి వినిపించాలి. కోలారు తమకలో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే మన పిల్లలు దిబ్బల మీదే థీసిస్ రాయాలి, సమాచార హక్కు అర్జీలు మనం వేద్దాం. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. ఆ 30 రోజుల్లో మేలుకుంటే ఆలస్యమే, ఇప్పుడే సిద్ధం కావాలి.

వచ్చే సమావేశానికి ఊరికే రాకండి. మీ ఇంటి కాగితాలు, ఇంట్లో దగ్గు జబ్బు ఎవరికుందో రాసుకుని తీసుకురండి. మన ఫారం మనమే నింపుకుందాం.