బ్యాండ్ పరిగెత్తదు, మనమే పరిగెత్తాల

పోస్టు కొంచెం పెద్దదే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, కాలేజీ మీట్‌లకి ప్రాక్టీస్ చేస్తున్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. తప్పుంటే కామెంట్‌లో చెప్పండి, దిద్దుకుంటా.

మా రూమ్మేట్ సంగతితో మొదలుపెడతా. వాడిదీ మాలాగే తాండా. వాళ్లమ్మానాన్న వేరుశనక్కాయ పంట పోయిన ఏడాది బెంగళూరుకి కూలికి పోయినారు, ఇంకా అక్కడే ఉన్నారు. వీడికి కానిస్టేబుల్ ఉద్యోగం రావాల, అంతే. మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరిగెత్తాల. వాడు మొదట్లో 8 నిమిషాల 30 సెకన్లకు వచ్చేవాడు. నెల రోజులు పొద్దున్నే లేచి పరిగెత్తి 8 నిమిషాల 6 సెకన్లకు దించినాడు. ఇంకో 6 సెకన్లే అడ్డం.

అప్పుడు ఎవరో చెప్తే 350 రూపాయలు పెట్టి ఒక రబ్బరు బ్యాండ్ కొన్నాడు. దాంట్లో చిన్న మెరిసే స్టిక్కర్ ఉంటుంది, అది ఒంట్లో ఎనర్జీని బ్యాలెన్స్ చేస్తుందంట. వారం తిరక్కుండానే 7 నిమిషాల 57 సెకన్లు! హాస్టల్ అంతా చూపించుకుంటా తిరిగినాడు. ఇంకో ముగ్గురు కొన్నారు. మూడు వారాలకు బ్యాండ్ తెగిపోయింది. మరుసటి రోజు వాడు 8 నిమిషాల 12 సెకన్లకు వచ్చి గ్రౌండ్‌లోనే కూలబడి, "అయిపోయింది బ్రో, నా వల్ల కాదు" అన్నాడు. కాళ్లు అవే, ఊపిరి అదే. తెగింది రబ్బరు ఒక్కటే.

అందుకే ఈ పోస్టు. ఇలాంటివి కట్టుకుంటే నిజంగా ఆట మెరుగవుతుందా? తెలిసినంత వరకు చదివి చెప్తున్నా.

ముందు బ్యాండ్ సంగతి. పవర్ బ్యాలెన్స్ అనే కంపెనీ ఇలాంటివే ప్రపంచమంతా అమ్మింది, పెద్ద పెద్ద ఆటగాళ్లు చేతికి వేసుకున్నారు. 2010 చివర్లో ఆస్ట్రేలియాలో వినియోగదారుల హక్కులు చూసే సంస్థ పట్టుకుంటే, మా మాటలకు నమ్మదగిన సైన్స్ ఆధారం ఏదీ లేదని ఆ కంపెనీనే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2011లో దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీవాళ్లు కాలేజీ ఆటగాళ్ల మీద పరీక్ష చేసినారు. అసలు బ్యాండ్ ఒకసారి, ఏ మహిమా లేని చవక బ్యాండ్ ఒకసారి. ఏది ఏదో ఆటగాళ్లకు తెలీదు. తేడా రాలేదు. కానీ ఏ బ్యాండ్‌తో చేసినా రెండోసారి కొంచెం బాగా చేసినారు. ఎందుకంటే రెండోసారికి ఒళ్లు వేడెక్కింది, ఏం చేయాలో తెలిసింది.

దుకాణంలో చేసే ట్రిక్కు కూడా ఇదే. చెయ్యి చాపమని, ఒంటికి దూరంగా కిందికి నొక్కుతారు, మనం తూలుతాం. తర్వాత బ్యాండ్ పెట్టి ఈసారి కొంచెం ఒంటివైపు నొక్కుతారు, మనం కదలం. పైగా రెండోసారి మనం ముందే బిగించుకుని నిలబడతాం. అంతా అబ్బా అంటారు. మీ ఫ్రెండ్ మీద బ్యాండ్ లేకుండానే చేసి చూడండి.

మేము కూడా మా తెలివికొద్దీ ఒక పరీక్ష చేసినాం. మిగిలిన బ్యాండ్ ఒకటి, పాత సైకిల్ ట్యూబ్ కోసిన రింగు ఒకటి. చేతికి పెట్టి మీద కర్చీఫ్ చుట్టేసేది, ఏది పెట్టినామో చెప్పేది కాదు. నలుగురు, నాలుగు పొద్దులు, ఒక్కో రౌండ్. ఏ రోజు ఏది ఉందో ఒక్కడూ సరిగ్గా చెప్పలేకపోయినాడు. టైమ్‌లో కూడా బ్యాండ్ గెలిచింది లేదు. ఇది చిన్న పరీక్షే, పెద్ద సైన్స్ అనను. కానీ 350 రూపాయల వస్తువు, ఊరికే దొరికే సైకిల్ ట్యూబ్ ఒకటే అని మాకు అర్థమైంది.

అట్లయితే రూమ్మేట్ టైమ్ తగ్గింది అబద్ధమా? కాదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. నమ్మకం ఒంటి మీద నిజంగానే పనిచేస్తుంది. 2006లో ఇంగ్లండ్ పరిశోధకులు ఆరుగురు సైకిల్ రేసర్లతో 10 కిలోమీటర్లు తొక్కించినారు. కెఫీన్ ఇస్తున్నాం అని చెప్పినారు, కానీ అన్నీ ఉత్త మాత్రలే. తక్కువ డోసు మింగినాం అనుకున్నప్పుడు వాళ్ల పవర్ 1.3 శాతం, ఎక్కువ డోసు అనుకున్నప్పుడు 3.1 శాతం పెరిగింది. ఉత్త మాత్ర ఇచ్చినారులే అనుకున్నప్పుడు 1.4 శాతం తగ్గింది కూడా! 1978లో అమెరికాలో పన్ను పీకించుకున్నోళ్ల మీద ఇంకో పరిశోధన జరిగింది. ఉత్త మందుతో నొప్పి తగ్గడం వెనక మన ఒళ్లు తానే తయారుచేసుకునే నొప్పి మందు ఉందని దాంట్లో తేలింది. అంటే ఇది ఉత్త భ్రమ కాదు. 8 నిమిషాలంటే 480 సెకన్లు. టైమ్‌లో 1 శాతం అంటే దాదాపు 5 సెకన్లు. మనోళ్లకు ఆ 5 సెకన్లే ఉద్యోగం.

కానీ ప్రతిసారీ పనిచేస్తుందనీ కాదు. 2010లో జర్మనీలో, ఇది లక్కీ బాల్ అని చెప్పి ఇస్తే గోల్ఫ్ బాగా ఆడినారని ఒక పరిశోధన వచ్చింది. 2014లో వేరేవాళ్లు ఎక్కువ మందితో అదే మళ్లీ చేస్తే ఆ తేడా కనపడలేదు. లక్కు మీద అంత గ్యారంటీ ఉంది మరి.

ఇప్పుడు నా బాధ ఒకటి చెప్తా. మా అవ్వ నేను కాలేజీకి వచ్చేటప్పుడు చేతికి నల్లదారం కట్టింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, ఆమె భయం ఆమెది. ఒక మీట్‌లో వేరే కాలేజీ పిల్లోడు ఆ దారం చూసి "ఏంది బ్రో, ఇంకా ఈ మూఢనమ్మకాలా" అని నవ్వినాడు. వాడి చేతికి ఎనర్జీ బ్యాండ్ ఉంది! అవ్వ దారం మూఢనమ్మకం, వాడి రబ్బరు టెక్నాలజీ. రెండిట్లో ఉండేది ఒకటే, నమ్మకం. తేడా ఏందంటే అవ్వ డబ్బులు అడగలేదు, టైమ్ తగ్గిస్తానని అబద్ధం చెప్పలేదు. కాబట్టి దారం కట్టుకున్నోళ్లను ఎగతాళి చేయొద్దండి. కట్టుకున్నోళ్లు కూడా అది తెగితే మనం తెగిపోయినట్టు అనుకోవద్దు.

నమ్మకాన్ని వస్తువులో పెట్టకుండా పనిలో ఎట్లా పెట్టొచ్చో చూడాలంటే మన ఊరికి వచ్చిపోయిన మనిషే ఉన్నాడు. 2010 అక్టోబర్‌లో రఫేల్ నాదల్ అనంతపురం వచ్చినాడు. ఆయన ఫౌండేషన్, ఆర్డీటీ కలిసి ఇక్కడ టెన్నిస్ స్కూల్ పెట్టినాయి. పేద పిల్లలు అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్చుకుంటారు. ఆయన ఆట చూసినోళ్లకు తెలుసు, రెండు నీళ్ల బాటిళ్లను కుర్చీ ముందర ఒక లెక్కగా పెట్టేవాడు, గీతలు తొక్కేవాడు కాదు. ఇది మూఢనమ్మకం కాదు, అట్లయితే ఓడినా గెలిచినా ఎందుకు చేస్తాను, నా తలను ఒక క్రమంలో పెట్టుకోవడానికే అని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఫ్రెంచ్ ఓపెన్ 14 సార్లు గెలిచిన మనిషి. బాటిళ్లు గెలిపించలేదు, ప్రాక్టీస్ గెలిపించింది. బాటిళ్లు మనసును నిలబెట్టినాయి, అంతే.

ఇంకా దగ్గరగా కావాలంటే మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల, మన లంబాడా బిడ్డ. 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. దాని వెనక భువనగిరి గుట్ట, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో ట్రైనింగ్ ఉంది. నువ్వు ఎక్కగలవు అని గట్టిగా నమ్మిన పెద్దలు ఉన్నారు. మన పిల్లలకు తక్కువైంది ఇదే. "నీ వల్ల అవుతుంది" అని చెప్పేటోళ్లు ఇంట్లో లేక కాదు, వాళ్లకు ఈ లోకం తెలీక. ఆ ఖాళీ చూసే కంపెనీలు 350 రూపాయలకు ధైర్యం అమ్ముతున్నాయి.

బ్యాండ్ చేసే అసలు నష్టం డబ్బు కాదు. రూమ్మేట్ 8:30 నుంచి 8:06కి తానే దించినాడు, బ్యాండ్ లేకుండా. ఆ కష్టం లెక్కలోకి రాలేదు. చివరి 9 సెకన్ల పేరు రబ్బరు కొట్టేసింది. తన కష్టాన్ని తానే నమ్మనోడు ట్రాక్ మీద ఎట్లా నిలబడతాడు?

ఇంకో మాట. నొప్పి తగ్గినట్టు అనిపించడం వేరు, గాయం మానడం వేరు. కాలెముక నొప్పికి రంగు టేపు చుట్టుకుని పరిగెత్తొద్దు. రక్తం తక్కువున్న ఒంటికి ఏ బ్యాండూ ఆక్సిజన్ మోసి పెట్టదు. ముఖ్యంగా చెల్లెళ్లు పీహెచ్‌సీలో హెచ్‌బీ పరీక్ష చేయించుకోండి. బ్యాండ్ డబ్బులతో గుడ్లు, చిక్కీలు, రాగిపిండి తెచ్చుకోవచ్చు.

రూమ్మేట్ సంగతి ముగిస్తా. తర్వాత వాడి రౌండ్లు ఒక్కొక్కటీ లెక్కేసినాం. 1600 అంటే నాలుగు రౌండ్లు, రౌండుకు 2 నిమిషాలు. వాడు మొదటి రౌండే 1 నిమిషం 40 సెకన్లకు కొట్టి నాలుగో రౌండులో చచ్చిపోతున్నాడు. మొదటిది 1:55కి ఆపి పరిగెత్తమన్నాం. పోయిన శనివారం 7 నిమిషాల 41 సెకన్లు. చేతికి ఏమీ లేదు. ప్రతి రౌండుకూ లైన్ దగ్గర నిలబడి టైమ్ అరిచేది నేనే. వాడికి అదే బ్యాండ్ అనుకోండి.

అందుకే సీనియర్ అన్నలను, అక్కలను ఒకటి అడుగుతున్నా. మీ ఊళ్లో, మీ హాస్టల్‌లో ఒక్క జూనియర్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడండి, టైమ్ రాసిపెట్టండి, నెల కిందటి టైమ్ వాడికి చూపించండి. మేము ఆదివారం పొద్దున 5:30కి గ్రౌండ్‌లో ఉంటాం. అనంతపురంలో ఉన్నోళ్లు రండి. బ్యాండ్ ఉన్నోళ్లు కూడా రండి, కర్చీఫ్ నేను తెస్తా.